బెల్‌ఫాస్ట్ ముసలాయన గొంతు

కోడుమూరు
డిసెంబరు 1

చిరంజీవి శివలీలకు తాత దేవేంద్రప్ప దీవెనలు.

నువ్వు ఫోన్ చేస్తే నేను రెండు మాటలకే పెట్టేస్తున్నానని మీ అవ్వతో అన్నావంట. అవును, పెట్టేస్తున్నా. ఫోన్‌లో మాట మాట మాదిరి ఉండదు. అంతా గొణుగుడు. నాకు గొణుగుడు పడదు. చెప్పేదేదో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయి. నాకొచ్చిన నాలుగు ముక్కలతో నేనూ రాస్తా. తప్పులుంటే నవ్వొద్దు.

హైదరాబాదులో దొరల తిట్లు వినేదానికి నీకు జీతమిస్తున్నారని మీ అవ్వ వీధంతా చెప్పుకుంటాంది. అదేం పని? తిట్లు వినాలంటే మా మగ్గాల వీధికి రా, ఊరికే వినిపిస్తాం.

మొన్న ఓబుళేశు నేను నేస్తున్న చీర చూసేదానికి వచ్చినాడు. మాది చిన్నప్పటి స్నేహం. అంచు గురించి ఏదో అన్నాడు. నేను జవాబు చెప్పినా. "ఏమప్పా, యాల కొట్లాడతాండావు?" అని లేచిపోయినాడు. మళ్లీ రాలేదు. రాకపోతే పాయె. మన మాటే అంత. గట్టిగా ఉంటాది, మనసులో ఏమీ ఉండదు. కోస్తావాళ్ల మాదిరి నాలుక మీద బెల్లం పెట్టుకొని మాట్లాడేది మనకు రాదు.

వేళకు తిను.

ఇట్లు,
మీ తాత

*

హైదరాబాదు
డిసెంబరు 6

ప్రియమైన తాతకు,

నీ మనవరాలు శివలీల మొక్కి రాసేది. అక్షరాలు చాలినంత పెద్దగా ఉన్నాయా?

నా పని తిట్లు వినడం కాదు తాతా. ఇంగ్లాండు, ఐర్లాండు లాంటి చలి దేశాల్లో ఇళ్లను వెచ్చగా ఉంచే యంత్రాలుంటాయి, బాయిలర్లంటారు. అవి చెడిపోతే జనం కంపెనీకి ఫోన్ చేస్తారు. ఆ మాటలు రికార్డయి మా దగ్గరికొస్తాయి. మనిషి మర్యాదగా మాట్లాడితే పచ్చ గుర్తు, బెదిరిస్తే ఎర్ర గుర్తు పెట్టాలి. ఒకే ఇంటికి మూడు ఎర్ర గుర్తులు పడితే ఇక ఆ ఇంటికి మెకానిక్‌ను పంపరు.

అక్కడి జనం ఎవరి యాసను ఏమనుకుంటారో మా టీమ్ లీడర్ క్రాంతి కుమార్ మొదటి వారమే బోర్డు మీద రాశాడు. లండన్ పెద్దింటి మాటంటే చదువుకున్నవాళ్లు. బర్మింగ్‌హామ్ యాసంటే మందబుద్ధి. లివర్‌పూల్ వాళ్లను నమ్మలేం. గ్లాస్గో వాళ్లు తాగి మాట్లాడుతున్నట్టు. డబ్లిన్ వాళ్ల మాట పాట. బెల్‌ఫాస్ట్ వాళ్లది ఎప్పుడూ కొట్లాటే. నాకు నవ్వొచ్చింది. మా హాస్టల్లో నేను నోరు తెరిస్తే చాలు, నా గదిలో ఉండే మధులత "మీది ఏ ఫ్యాక్షన్ మేడం?" అంటుంది. అక్కడా ఇదే గోల అనుకున్నాను.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. బెల్‌ఫాస్ట్‌లో ఒంటరిగా ఉండే ఒక ముసలాయన బాయిలర్ ఆగిపోయింది. బయట గడ్డకట్టే చలి. చిన్న కరెంటు హీటర్ ఒక్కటే ఆయనకు దిక్కు. ఇప్పటికే రెండు ఎర్ర గుర్తులున్నాయి. మూడో రికార్డు నాకొచ్చింది. గొంతు చించుకుని అరుస్తున్నాడు. క్రాంతి "ఇంకేముంది, ఎర్రే" అన్నాడు. "అది వాళ్ల మాట తీరు సార్, మా తాత అన్నానికి పిలిచినా ఇట్లే ఉంటుంది" అన్నాను. అందరూ నవ్వారు. "సరే, శుక్రవారంలోగా నువ్వే పెట్టు. పచ్చ పెట్టాక అతను మెకానిక్ మీద చెయ్యి చేసుకుంటే నీ ఉద్యోగం ఉండదు" అన్నాడు. నాదింకా ప్రొబేషనే.

భయంగా ఉంది. ఏం చెయ్యమంటావు? నువ్వు ఫోన్‌లో మాట్లాడవు కాబట్టి స్పీడ్ పోస్టులో పంపుతున్నా.

నీ
శివలీల

*

కోడుమూరు
డిసెంబరు 9

శివలీలకు రాసేది.

పచ్చ పెట్టు. దీంట్లో ఆలోచించేదేముంది?

మాట గట్టిగా ఉంటే మనిషి చెడ్డోడని ఆ క్రాంతి కుమార్‌కు ఎవరు చెప్పినారు? కడపలో మా వియ్యంకుడు "బువ్వ తిన్యావా" అని అడిగితే పక్కింటోళ్లు తలుపులేసుకుంటారు. కానీ ఆకలిగొని పోయినోణ్ని ఆయన ఊరికే పంపింది లేదు.

నాకు జరిగింది చెప్తా. మీ అవ్వకు కూడా చెప్పలేదు. పోయిన నెల మోకాళ్ల నొప్పులని కర్నూలులో ఒక డాక్టరు దగ్గరికి పోయినా. పొద్దున్నుంచి కూర్చున్నా. నా వెనక వచ్చినోళ్లు లోపలికి పోయి వస్తున్నారు. నా పేరు పిలవరు. బల్ల దగ్గరి పిల్లను అడిగినా. తల కిందికేసుకొని ఏదో గొణిగింది. మళ్లీ అడిగినా. మళ్లీ గొణుగుడే. ఇంకోసారి అడిగేసరికి జనమంతా నా దిక్కే చూసినారు. ఆ పిల్ల ఏడ్చింది. "పెద్దోనివి, ఆడపిల్ల మీద అట్లా అరుస్తావా" అని వాచ్‌మన్ నా రెక్క పట్టుకొని బయటికి తెచ్చినాడు.

నేను అరవలేదు. అడిగినా. ఇంత వయసొచ్చింది, నా మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఆ గడప మళ్లీ తొక్కను. నొప్పి ఉంటే ఉండనీ.

నీ బెల్‌ఫాస్ట్ ముసలాయన నా మాదిరోడే. ఆయనకు ఎర్ర గుర్తు పెడితే నాకు పెట్టినట్టే. అట్లా పెట్టి ఈ ఇంటికి రావద్దు. ఉద్యోగం పోతే పోనీ, మగ్గం ఉండాది.

హైదరాబాదు పోతున్న మన వీధి ఏసేపు చేతికి ఈ కాగితం ఇస్తున్నా.

దేవేంద్రప్ప

*

హైదరాబాదు
డిసెంబరు 14

ప్రియమైన తాతకు,

కోపంలో చివర "తాత" అని కూడా రాయలేదు నువ్వు. అయినా నేను పచ్చ పెట్టలేదు. చించేముందు పూర్తిగా చదువు.

శుక్రవారం పొద్దున ఏసేపు మామ నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. వాచ్‌మన్ నీ రెక్క పట్టుకున్నాడని చదివి ఏడ్చాను. తర్వాత ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. నీ పేరు పిలవలేదన్నావు. పొద్దున్నుంచి కళ్లెదుట కూర్చున్న మనిషిని పిలవకుండా ఉంటారా తాతా? పిలిచే ఉంటారు.

ఆఫీసుకు పోయి ఆ రికార్డు మళ్లీ విన్నాను. ఈసారి ఆయన్ని వదిలేసి, అవతల ఫోన్ తీసిన అమ్మాయి ఏమడుగుతోందో విన్నాను. పుట్టినరోజు ఎప్పుడని ఆమె అడిగితే ఆయన వీధి పేరు చెప్పాడు. బాయిలర్ ఎప్పుడు ఆగిందంటే ఇంట్లో నేనొక్కణ్నే అన్నాడు. ఆమె మాట్లాడిన ప్రతిసారీ "ఏంటమ్మా?" అని ఇంకాస్త గొంతు పెంచాడు. ఆయనకు వినపడటం లేదు. క్రాంతి కొట్లాట మనిషన్నాడు, నేను వాళ్ల తీరే అంత అన్నాను. ఇద్దరం ఆయన యాసను పట్టుకుని కూర్చున్నాం, ఆయన చెప్పేది ఎవరికీ పట్టలేదు.

ఏ గుర్తూ పెట్టలేదు. "ఈయనకు చెవులు వినపడవు. ఫోన్ చేయకండి, ఉత్తరం రాసి మనిషిని పంపండి" అని రాశాను. అట్లా రాసే అధికారం నాకు లేదు. క్రాంతి మండిపడ్డాడు. హెడ్‌ఫోన్స్ చేతికిచ్చి "ఒక్కసారి వినండి సార్" అన్నాను. చివరిదాకా విన్నాడు. నా ముఖం చూడకుండానే నేను రాసింది పైవాళ్లకు పంపాడు. నిన్న మెకానిక్ పోయి బాగుచేశాడట. ముసలాయన టీ పెట్టిచ్చాడట. కానీ నియమం దాటినందుకు నన్ను ఉంచేదీ తీసేదీ నెలాఖరున చెబుతారు.

ఇప్పుడు నీ సంగతి. ఓబుళేశు తాత గొణగలేదు. ఫోన్ గొణగదు. మా అవ్వ గొణుగుతుందంటే దేవుడు కూడా నమ్మడు. వచ్చే ఆదివారం వస్తా, చెవుల డాక్టరు దగ్గరికి పోదాం. కాదంటే నీకు ఎర్ర గుర్తు నేనే పెడతా.

నీ
శివలీల

*

కోడుమూరు
డిసెంబరు 24

చిరంజీవి శివలీలకు తాత దీవెనలు.

నువ్వొచ్చిన ఆదివారం నేను మగ్గం గుంతలోంచి లేవలేదు. నీతో ఒక్క మాటా మాట్లాడలేదు. మనవరాలితో చెవిటోడని అనిపించుకున్నాక ఏం మాట్లాడేది? నువ్వు ఏడుస్తా బస్సెక్కినావని మీ అవ్వ చెప్పింది. చెప్పింది అంటే, ముఖం మీదికొచ్చి అరిచింది. వీధంతా విన్నాది. నాకూ వినిపించింది.

మరుసటి రోజు ఒక్కణ్నే కర్నూలు పోయినా. అదే గడప. అదే పిల్ల. నన్ను చూడంగానే వాచ్‌మన్ దిక్కు చూసింది. నేను నోరు తెరవలేదు. "నాకు వినపడదు. పిలిచేటప్పుడు చెయ్యి ఊపు" అని ఇంట్లోనే రాసుకొని పోయిన కాగితం బల్ల మీద పెట్టినా. ఆ పిల్ల చదివింది. తర్వాత లేచి కుర్చీ తెచ్చి తన బల్ల పక్కనే వేసింది. ఆ డాక్టరు మోకాళ్లు చూసి, పై అంతస్తులో చెవుల డాక్టరు దగ్గరికి పంపినాడు.

చెవికి మిషన్ పెట్టినారు. "వినిపిస్తాందా పెద్దాయనా?" అన్నాడు డాక్టరు. "వినిపిస్తాంది" అన్నా. గదిలోకి ఎవరో కొట్లాటకొచ్చినారని ఉలిక్కిపడినా. చూస్తే అది నా గొంతే. మన మాటే అంత అని ఇన్నాళ్లు చెప్పుకుంటా వచ్చినా. మన మాట గట్టిదే, కానీ అంత గట్టిది కాదు.

ఓబుళేశు ఇంటికి నేనే పోయినా. మజ్జిగ ఇచ్చినాడు. "ఏమప్పా, ఇంత మెత్తగా మాట్లాడతాండావు, కోస్తాకు పోయొచ్చినావా?" అని ఎగతాళి చేసినాడు. ప్రతి మాటా వినిపించింది. మీ అవ్వ తిట్లు కూడా వినిపిస్తున్నాయి, అదొక్కటే కష్టం.

ఇదంతా ఆ క్రాంతి కుమార్‌కు చెప్పొద్దు.

నెలాఖరు వస్తాంది. నీ ఉద్యోగం ఉందో పోయిందో కాగితం మీద రాయొద్దు. ఫోన్ చెయ్యి. అరవొద్దు. మన మాటలోనే మామూలుగా చెప్పు. వింటా.

మీ తాత