మేస్త్రి కంట్లో నలుసు

అమ్మకు,

ఇందుమూలముగా తెలియజేయడమేమనగా: గత సోమవారం ఉదయం నా చెప్పు పట్టీ మూడోసారి తెగినందున, సదరు చెప్పును సేవల నుంచి సగౌరవంగా తప్పించడమైనది. దాని స్థానంలో నీ కోడలి పాత చెప్పు తాత్కాలికంగా నియమితమైనది. రంగు తేడాను ఎవరూ ఎత్తిచూపరాదు. గాజుగ్లాసు పగలగొట్టింది ఎవరన్న విచారణ ఇంకా సాగుతున్నది. సాక్ష్యాలన్నీ నా మీదికే వస్తున్నాయి కనుక విచారణాధికారిగా నన్ను నేనే వేసుకున్నాను.

ప్రకటన అయిపోయింది, ఇక మామూలు మాటలు. ఇక్కడ ముగ్గురం కులాసాగానే ఉన్నాం, అందులో ఇద్దరికి నా మీద కోపం. నువ్వూ చెల్లాయి వాళ్ళూ కూడా అలాగే కులాసాగా ఉన్నారనుకుంటాను, కోపం సంగతి మీ ఇష్టం.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. దగ్గు తగ్గిందా అన్నావు, తగ్గింది. కోడల్ని ఏడిపించడం మానావా అన్నావు, మానలేదు, ఆవిడా మానలేదు. మూడోది, "ఐదో తరగతి తప్పినవాడివి, నీకు డాక్టరు పని ఎవరిచ్చార్రా?" అని. దీనికి మాత్రం పొడుగు జవాబు ఉంది, తీరిగ్గా కూర్చుని చదువు.

డాక్టరు పని కాదమ్మా. మా రాళ్ళ షెడ్డులో కోసేవాళ్ళూ, చెక్కేవాళ్ళూ, మెరుగుపెట్టేవాళ్ళూ కలిపి అరవైమందిమి. వారం గడిస్తే ఎవరో ఒకరి కంట్లో రాతి నలుసు పడుతుంది. కళ్ళద్దాలు ఇచ్చారు కానీ చెమటకు మసకబారతాయని అందరూ నెత్తిన పెట్టుకుని తిరుగుతారు. మా నడినెత్తికి ఉన్నంత రక్షణ కళ్ళకు లేదు. నలుసు పడితే పక్కవాడు తువ్వాలు కొస మెలిపెట్టి తీస్తాడు. ఆ తరువాత కిటికీ మీద ఒక చుక్కల సీసా ఉంటుంది, అది అందరిదీ. ఎప్పుడో ఒక ముసలాయనకు కంటి ఆపరేషనప్పుడు రాసిచ్చిన మందు. ఆయన పని మానేసి వెళ్ళిపోయినా సీసా మాత్రం ఉద్యోగంలోనే ఉంది. ఖాళీ అయితే అదే పేరు చూపించి కొట్లో ఇంకోటి తెస్తారు. వేస్తే ఎరుపు తగ్గుతుంది, మంట తగ్గుతుంది. అందుకే దాని మీద అంత నమ్మకం.

ఆ మధ్య కంటాసుపత్రి వాళ్ళు వచ్చి చెప్పారు. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలాగా ఒక పొర ఉంటుందట, పేరు కార్నియా. నలుసు దాన్ని గీరుతుంది. ఆ గీత పుండయితే, మానినా తెల్లమచ్చ మిగులుతుంది. వెనకాల కన్నంతా బాగున్నా వెలుతురు లోపలికి పోదు. ఇక చనిపోయినవాళ్ళెవరైనా ఇచ్చిన పొర దొరికితే మార్చాలి. ఆసుపత్రేమో పూట ప్రయాణం. అందుకని మాలోనే ఒకరిని మూడు రోజులు తీసుకెళ్ళి కన్ను చూడటం నేర్పుతామన్నారు. అందరూ ఒక్క గొంతుతో నన్ను చూపించారు, మూడు రోజులు షెడ్డు ప్రశాంతంగా ఉంటుందని.

నేర్చుకున్నాను. నారింజరంగు కాగితపు ముక్క తడిపి కంటికి తాకిస్తాను, నీలం లైటు వేస్తాను. గీత ఉంటే పచ్చగా మెరుస్తుంది. అప్పుడు మూడు రోజులపాటు రోజుకు మూడుసార్లు పూతమందు. తెల్లచుక్క కనిపిస్తే పుండు మొదలైనట్టే, అప్పుడు మాత్రం నా తెలివి చూపించకుండా ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. ఎనిమిది నెలల్లో ముప్ఫైయొక్క గీతలు పట్టాను, ముప్ఫైయొక్కటీ మచ్చ లేకుండా మానాయి. బళ్ళో నాకెప్పుడైనా ముప్ఫైయొక్క మార్కులు వచ్చాయా, నువ్వే చెప్పు.

ముప్ఫైరెండోది మా మేస్త్రిది. రాతిపలక మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూశాడంటే మెరుగులో వెంట్రుకంత తేడా పట్టేస్తాడు. ఆ చూపు వల్లే ఆయన మేస్త్రి. ఒకసారి నేను ఆయన కొలత టేపును బల్లకు అంటించేసిన దగ్గర్నుంచి మా ఇద్దరికీ పడదు. నేను లైటు తీస్తే చాలు, "డాక్టరుగారు బయల్దేరారు, కళ్ళు దాచుకోండర్రా" అంటాడు.

పోయిన నెలలో ఒకరోజు టోపీ కిందికి లాక్కుని తిరుగుతున్నాడు. పలకను ఎడమకంటితో చూస్తున్నాడు. ఎప్పుడూ కుడికంటితో చూసే మనిషి.

"కంట్లో ఏమైంది మేస్త్రీ?"

"నిద్ర చాలలేదు."

"ఒక్క కంటికేనా?"

"నీ పని నువ్వు చూసుకో. రెండు రోజులుగా చుక్కలు వేస్తున్నా, నొప్పి కూడా తగ్గింది."

ఆ చుక్కలు పైన ఎరుపును అణచి, కింద పుండును పెంచుతాయని మాకు చెప్పారు. తగ్గిందన్నవాణ్ణి చూస్తేనే ఎక్కువ భయపడమన్నారు.

"ఒక్కసారి లైటు వేయనివ్వు."

"వేస్తావు, ఊరంతా టముకు వేస్తావు. మేస్త్రికి చూపు పోయిందని మధ్యాహ్నానికల్లా యజమాని చెవిన పడుతుంది. నీ నోటి సంగతి నాకు తెలీదా?"

తప్పు ఆయనది కాదు. ఇరవై ఏళ్ళు అందరినీ ఆటపట్టించినవాడు నిజం చెబితే ఎవరు వింటారు?

సామాన్ల గదిలోకి పిలిచి, తలుపు చేరవేసి, నాకు బాగా తెలిసిన ఒకామె సంగతి చెప్పాను. చేటలో పొట్టు ఎగిరి ఆమె ఎడమకంట్లో పడింది. ఇంట్లో పని ఆగిపోతుందని నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. పక్కింటివాళ్ళ చుక్కలు వేసుకుని తగ్గిందని సంబరపడింది. ఐదోరోజు ఎడమపక్కన నిలబడ్డ సొంత కొడుకును "ఎవరు బాబూ" అని అడిగింది.

మేస్త్రి ఒక మాట అడిగాడు, నేను జవాబు చెప్పాను. అప్పుడు టోపీ తీసి పెట్టె మీద కూర్చున్నాడు.

"వెయ్యి నీ లైటు."

నల్లగుడ్డు కింది అంచున, ఆవగింజలో సగం తెల్లచుక్క.

ఆ క్షణంలో నాకు ఒక్క వేళాకోళం కూడా తోచలేదు. చుక్కల సీసా జేబులో వేసుకుని, ఆయన్ని బస్సెక్కించి నేనూ ఎక్కాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షచేసి, గంటకోసారి మందు వెయ్యమంది.

"ఇంకో రెండు రోజులు ఆగితే చూపు మధ్యకు పాకేది. ఎవరు పట్టారు దీన్ని?"

"మా డాక్టరుగారు," అన్నాడు మేస్త్రి నన్ను చూపించి. ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని బస్సులో దారి పొడుగునా వెతికానమ్మా. లేదు.

పన్నెండు రోజులకు పనిలోకి వచ్చాడు. వచ్చీరాగానే పలక మీద చెంప ఆనించి, కుడికంటితో చూసి, నేను కోసిన అంచు వంకరగా ఉందని అరవైమంది ముందు తిట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అంత తియ్యటి తిట్టు తినలేదు. ఇప్పుడు ఎవరి కంట్లో ఏం పడినా రెక్క పట్టుకుని నా దగ్గరికి లాక్కొచ్చేది ఆయనే.

ఇక అసలు సంగతి, ఇంతసేపూ దాచింది. వచ్చేవారం మేస్త్రి మీ ఊళ్ళో రాళ్ళు పరిచే పని మీద వస్తున్నాడు. చెల్లాయి ఇంటి గుర్తులు అడిగి రాసుకున్నాడు. నిన్ను చూడాలట, నీ చేతులు పట్టుకుని ఒక మాట చెప్పాలట. నీకు ఎడమపక్క రాకుండా జాగ్రత్తగా తిరిగొచ్చి కూర్చుంటాడు, కంగారుపడకు. ఆరోజు గదిలో ఆయన అడిగింది, "ఎవరామె?" అని. "మా అమ్మ" అన్నాను.

ముందు ఆయన్ని వెలుతురులో కూర్చోబెట్టి కుడికన్ను చూడు. కింది అంచున గోరుగీతంత మచ్చ, వెతికితేనే కనిపిస్తుంది. అది చూశాక కూడా నన్ను ఎంత తిట్టాలనిపిస్తే అంత తిట్టు. ఆ తరువాత నిజం నువ్వే చెప్పెయ్యి, నాకు నోరు రావడం లేదు. చేట లేదు, పొట్టు లేదు, నీ కళ్ళు రెండూ నిక్షేపంలా ఉన్నాయి. నీ కన్ను పోయిన కథ మొదటినుంచి చివరిదాకా నేను ఆ గదిలో నిలబడి అల్లిందే.

ఇట్లు,
నీ రెండు కళ్ళ ఎదటా పడే ధైర్యం ఇంకా రాని
నీ పెద్దకొడుకు