పాస్‌పోర్ట్ వచ్చాక యూరప్

ఏమండీ,

ఇవాళ నా ఐరిష్ పాస్‌పోర్ట్ పోస్టులో వచ్చింది.

పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్ రైళ్లలో తిరిగొద్దామని ప్రతి వేసవీ అడిగాను. “వీసా కోసం ఎవరి కాళ్లూ పట్టుకోను. పాస్‌పోర్టులు రానీ, దర్జాగా పోదాం” అనేవారు. అలా అంటూనే మార్చిలో, ఇక్కడ కాజిల్‌బార్‌లో నేను నర్సుగా తిరిగే వార్డులోనే, గుండెపోటుతో కన్నుమూశారు.

సాయంత్రం పాపా నేనూ కూర్చుని డబ్లిన్ నుంచి పారిస్‌కి విమానం, అక్కణ్ణించి అన్నీ రైళ్లే బుక్ చేశాం. నా మోకాళ్ల నొప్పి గుర్తుపెట్టుకుని, రైలు మారే ప్రతిచోటా గంటన్నర ఖాళీ ఉంచింది.

“డాడ్ వుడ్ హావ్ లవ్డ్ దిస్, మామ్” అంది.

“అవునమ్మా” అన్నాను.

పిల్లకి అలా చెప్పాను గానీ, మీరుంటే ఈసారి ఇంకో వంక వెతికేవారని నాకు తెలుసు.