పాత తొట్టిలోకి మళ్ళీ

అక్కా, ఇక్కడ అందరం కులాసాయే గానీ నా మనసే కుదురుగా లేదు.

ఈ ఊరొచ్చినప్పటి నుంచి మా సయో బయటివాళ్ళతో నోరు విప్పడం లేదు కదా. దానికున్న స్నేహితులల్లా ఆ రెండు బంగారు చేపలే. పిల్ల సంతోషిస్తుందని మీ మరిది పెద్ద గాజుతొట్టి కొన్నారు. గులకరాళ్ళూ, నీళ్ళు వడకట్టే స్పాంజీ కుళాయి కింద తళతళలాడేలా కడిగి, చేపల్ని కొత్త నీళ్ళలోకి మార్చారు. తెల్లారేసరికి ఒకటి చచ్చి తేలింది. రెండోది పైకొచ్చి నోరు తెరుచుకుని ఆయాసపడుతోంది.

సయో చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి పరుగెత్తింది. అక్కడ కురమోతో బామ్మగారు కుండీల్లో చేపలు పెంచుతారు. "బామ్మగారూ, మా చేప చచ్చిపోతోంది, రండి!" అని ఒకటే అరుపు. ఆవిడ వస్తూనే మీ మరిదిని దులిపేశారు. "కడిగి కడిగి చంపేస్తావటయ్యా? చేపని కాపాడేది ఆ స్పాంజీకి పట్టిన మురికేగా! నీళ్ళలో విషం విరిచేది అదే!" మేం పారేయబోయిన పాత తొట్టిలో తన కుండీ నీళ్ళు నింపి, తను వాడుతున్న స్పాంజీ పెట్టి, చేపను అందులో వదిలారు. ఇకమీదట అదే చేపల ఆసుపత్రి అట.

చేప ఇంకా తిండి ముట్టలేదు. జబ్బు చేపకు నువ్వు ఉప్పునీళ్ళు పెట్టేదానివి కదా, బకెట్టుకి ఎంత ఉప్పో వెంటనే రాయి. నువ్వు ఉప్పులో ఊరేసిన పుల్లటి ఊమె కాయలు మిగిలితే పంపు, బామ్మగారికివ్వాలి. బావగారి దగ్గు తగ్గిందా?

సయో పొద్దుటి నుంచీ పక్కింట్లోనే ఉంది. గోడ అవతల గలగలా మాట్లాడుతోంది. వెళ్ళి పిలుద్దామనీ ఉంది, పిలవకూడదనీ ఉంది. కాలు నిలవక ఇల్లంతా తిరుగుతున్నాను.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

నీ చెల్లెలు
మినెకో