అట్ట గుడిలో బల్బు

బెల్లంపల్లి, 1961. ఆదివారం రాత్రి.

దేవునికి స్తోత్రం! వెలిగింది! ఆదివారం బడి పిల్లలు అట్టముక్కలతో చేసిన చిన్న గుడిలో, టార్చి సెల్లుకు రెండు తీగలతో కలిపిన బల్బు వెలిగింది. సృష్టి మొదటి దినాన దేవుడు 'వెలుగు కలుగును గాక' అన్నాడని ఇన్నేళ్లు ప్రసంగాల్లో గొంతు చించుకుని చెప్పాను గాని, ఇవాళ పిల్లల ముఖాలు చూశాక ఆ వాక్యం నాకే కొత్తగా తెలిసినట్టుంది.

సంఘపెద్ద యాకోబు మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏందయ్యా ఇది? ప్రార్థన నేర్పుమంటే కరెంటు నేర్పుతున్నవా? పోరగాండ్లకు ఏమన్నయితే ఎవలు జవాబు?" అని అరిచాడు.

నేను నోరు తెరిచేలోగా, బొగ్గుబావిలో పనిచేసే దావీదు కూతురు రాహేలు ఆయన చేతుల్లో రెండు తీగలూ పెట్టేసింది.

"భయపడకు తాతా, సెల్లు కొట్టది. గీ రెండు కొసలు కలుపు."

ఆయన కళ్లు గట్టిగా మూసుకుని కలిపాడు. "ఎలిగిందా?"

"కండ్లు తెరిస్తె నీకే ఎరుకైతది!"

అందరూ గొల్లుమన్నారు. ఆయన "మల్లొక్కసారి" అంటూ వెళ్లేదాకా వెలిగిస్తూనే ఉన్నాడు. వచ్చే ఆదివారం మనవళ్లను కూడా పంపుతాడట!

పోతూ పోతూ రాహేలు, "మా ఇంట్ల గోడకు గూడ తీగెలున్నయి అయ్యగారూ. రేపు లేవంగనే గవి కలిపి సూస్త" అంది. ఆ సంతోషంలో నేను "శభాష్" అన్నాను.

ఇది రాస్తుంటేనే నా తప్పు తెలిసింది. సెల్లు కొట్టదని నేర్పాను. గోడలోని కరెంటు ప్రాణం తీస్తుందని చెప్పనే లేదు. వారం వారం నరకాగ్ని గురించి హెచ్చరించేవాణ్ణి, ఈ ఒక్క హెచ్చరిక మరిచాను. తెల్లవారేదాకా ఆగను. ఇప్పుడే వెళ్లి దావీదు తలుపు కొడతాను.