కండలూ కండెలూ

సోమవారం, రాత్రి.

అవ్వను ఈ రోజు కరీంనగర్‌లో డాక్టరుకు చూపించాను. నేలమీద కూర్చుంటే నా చేయి పట్టుకోనిదే లేవలేకపోతున్నది.

"అవ్వా, కండలు తగ్గినయి," అన్నారు డాక్టరు.

సరిగా వినపడని అవ్వ, "తగ్గక ఏం జేస్తయి సారూ! రాట్నం అమ్మి ఎన్నేండ్లాయె. ఇంక కండెలు ఎవలు జుడుతరు?" అన్నది.

మగ్గం నాడెలో పెట్టే నూలు కండెల సంగతి ఆయనకు నేను వివరించవలసి వచ్చింది. వివరిస్తుంటే అవ్వ రాట్నం తిప్పిన రోజులే కళ్లముందు కదిలాయి. ఆమె మోచేతిపైన కండ బిగిసి వదులుతుంటే, దానిమీద వేలు పెట్టి ఆడుకునేవాణ్ని. ఈ రోజు బీపీ పట్టీ ఆ చేతికి వదులైంది.

ప్రోటీన్ పొడి రాశారు. అదొక్కటే చాలదట, రోజూ లేవడం, కూర్చోవడం సాధన చేయాలట. ఇంటికి వచ్చి పాలలో కలిపి ఇచ్చాను.

"గిది తాగితె నా అంతట నేను లేస్తనా కొడుకా?"

"ఫికర్ జెయ్యకు, లేస్తవు," అన్నాను. నిజంగా లేస్తుందో లేదో...

నేలమీద కూర్చున్న అవ్వ వెంటనే మంచం కోడు పట్టుకుని లేవబోయి, సగంలో ఆగింది. చేయి అందించాలా వద్దా అన్నది, డాక్టరును అడగడానికి రాసుకున్న ప్రశ్నలలో లేనే లేదు. అందించలేదు. అవ్వ కూలబడి నవ్వింది.

"గియ్యాల గింతె. రేపు ఇంకింత లేస్త."