బెన్ ఓరన్ చుట్టుబాట మీది నాలుగు గేట్లు

లోయ మార్గాల శాఖ ప్రధానాధికారి గారి సముఖమునకు,

ఓరన్ లోయలోని కిల్‌డోరా గ్రామ నివాసి, పూర్వము బడి బస్సు డ్రైవరు అయిన మార్సలీ గెడ్డిస్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బెన్ ఓరన్ చుట్టుబాటపై తమ శాఖ నిలిపిన ఇనుప గేట్లు తీసివేయుట, లేదా వాటి తాళపుచెవి నాకు ఇచ్చుట, మరియు నా మూడుచక్రాల సైకిలును ఆ బాటపై ఎందుకు నిషేధించరాదో చెప్పమని తమరు సంతకము చేసి పంపిన నోటీసునకు జవాబు.

1. తమ నోటీసు అందినది. అందులో నన్ను "మార్గమునకు అడ్డంకి కలిగించిన వ్యక్తి" అని వ్రాసియున్నారు. ఆ మార్గముపై మొదట అడ్డంకి పెట్టినది ఎవరో తమ ఫైలులో ఉన్నట్టు లేదు. తమరు ఈ లోయకు ఒక్కసారైనా వచ్చినట్టు ఇక్కడ ఎవరికీ గుర్తు లేదు. కనుక జరిగినది జరిగినట్టు మొదటినుండి మనవి చేసుకొనుచున్నాను.

2. బెన్ ఓరన్ కొండమీది అడవిభూమిలోకి చక్రమున్న ఏ వస్తువూ పోరాదని నిబంధన. ఆ నిబంధనపై నాకు ఫిర్యాదు లేదు. కాళ్ళు నావిగా ఉన్న రోజుల్లో ఆ కొండను నడిచే ఎక్కాను. నరాల జబ్బు వచ్చి నడుము కింద పట్టు పోయిన తరువాత నాకు మిగిలింది, కొండ చుట్టూ పాత రైలుకట్ట మీద వేసిన తారుబాట ఒక్కటే. చేతులతో తిప్పే మూడుచక్రాల సైకిలు ఒకటి తెప్పించుకొన్నాను. నా భర్త టార్క్విల్ మామూలు సైకిలు మీద పక్కన వచ్చేవారు. వాన లేని ప్రతి ఆదివారం కొండను చుట్టి వచ్చేవాళ్ళం. చెరువు కనిపించే మలుపులో ఆగి ఫ్లాస్కులోని టీ, ఓట్స్ బిస్కెట్లు, జున్ను ముగించుకొని కదిలేవాళ్ళం. టార్క్విల్ ఇంట్లో మాట తక్కువ మనిషి. ఆ బాట మీద మాత్రం ఏ పిట్ట కూసినా దాని పేరు చెప్పేవారు. సగం తప్పులే. నేను దిద్దేదాన్ని కాదు.

3. ఏప్రిల్ మాసములో మోటారుసైకిళ్ళను ఆపుటకని తమ శాఖవారు బాటపై నాలుగుచోట్ల గేట్లు నిలిపినారు. ఎదురెదురుగా రెండు ఇనుప కటకటాలు, వాటి నడుమ మెలిక తిరిగి పోవలసిన సందు. మామూలు సైకిలు దిగి నడిపించుకొంటే పడుతుంది. నాది పట్టదు. పక్కనే తమ శాఖ బండ్లు పోవడానికి వెడల్పు గేటు ఉంది. దానికి తాళం, ఆ తాళపుచెవి తమ క్షేత్రాధికారి శ్రీ నీల్ బాల్ఫర్ గారి జేబులో. ఇక మోటారుసైకిళ్ళంటారా, అవి పక్కనున్న హీథర్ పొదల్లోంచి చుట్టుతిరిగి హాయిగా పోతున్నాయి; చేతితో తిప్పే నా చక్రాలు ఆ పొదల్లో కదలవు. ఆ గేట్లు ఆపగలిగింది నన్నొక్కదాన్నే.

4. నేను ఫోను చేయగా శ్రీ బాల్ఫర్ గారు టేపు పట్టుకొని వచ్చినారు. కొలిచినారు. చక్రాల కుర్చీ ఇందులోంచి పడుతుంది కనుక గేటు నిబంధన ప్రకారమే ఉన్నదన్నారు. ఇది కుర్చీ కాదు, సైకిలు అని నేను మనవి చేసుకొన్నాను.

"సైకిలైతే బోర్డు చూడండి మేడమ్," అన్నారాయన. "సైకిలువాళ్ళు దిగి నడవాలి."

నిజంగానే గేటు పక్కన అలాగని బోర్డు ఉంది. ఆయన హాస్యమాడలేదు. హాస్యమాడి ఉంటే క్షమించేదాన్ని. తాళపుచెవి ఒకటి ఇప్పించమన్నాను. ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలన్నారు. అందరూ అంటే ఎవరెవరని అడిగాను, ఎందుకంటే ఈ లోయలో చేతిసైకిలు నాదొక్కటే. ఆయన ఏదో రాసుకొని వెళ్ళిపోయారు. ఏం రాసుకొన్నారో తమరే కనుక్కోవాలి.

5. జూన్ మాసములో

ఇక్కడినుంచి అంకెలు వేయను. అంకె వేసినప్పుడల్లా చేయి ఆగిపోతోంది.

జూన్‌లో ఎండకాసిన ఆదివారం ఒకటి వచ్చింది. పోదామన్నారు టార్క్విల్. గేట్ల సంగతి గుర్తుచేస్తే, తాను చూసుకొంటానన్నారు. ఆయన చూసుకొన్న పద్ధతి ఇది: నన్ను చంకల కింద చేతులు వేసి ఎత్తి, గడ్డి మీద పరచిన దుప్పటిపై కూర్చోబెట్టేవారు. సైకిలును ఒక పక్కకు నిలువుగా ఒరగెత్తి, ఆ సందులోంచి మెల్లగా లాగేవారు. తిరిగొచ్చి నన్ను ఎత్తుకొని అవతలికి తెచ్చి మళ్ళీ సీట్లో కూర్చోబెట్టేవారు. నేను సన్నటి మనిషిని కాను. ఆయన కుర్రవాడు కారు. మొదటి గేటు దగ్గర ఇద్దరం నవ్వుకొన్నాం. రెండో గేటు దగ్గర నవ్వలేదు. వెనక్కి పోదామన్నాను. ఆయన వినలేదు.

మూడో గేటు దగ్గర నన్ను దింపి, సైకిలును అవతలికి చేర్చి, నా కోసం తిరిగొచ్చారు. వంగారు. వంగినవారు అలాగే కూర్చుండిపోయారు.

"మార్సలీ, కాస్త ఆగు," అన్నారు.

అని పక్కకు ఒరిగిపోయారు.

అయ్యా, నా ఫోను సైకిలు సీటు వెనక సంచిలో ఉంది. సైకిలు గేటుకు అవతల ఉంది. నేను ఇవతల ఉన్నాను. తమ గేటులోంచి మోచేతుల మీద పాకి వెళ్ళాను. ఆ సందు నాకు సరిపోయింది. ఆ విధంగా తమ కొలతలు సరైనవేనని ఒప్పుకొనుచున్నాను. సంచి అందుకొని ఫోను తీస్తే సిగ్నల్ లేదు. కొండ అడ్డమున్న ఆ పల్లంలో ఎప్పుడూ ఉండదు. మళ్ళీ పాకి ఆయన దగ్గరకు వచ్చాను. చొక్కా గుండీలు విప్పి తల నా ఒళ్ళో పెట్టుకొన్నాను. అప్పుడు నేనేం మాట్లాడానో అర్జీలో రాయవలసిన అవసరం లేదు.

మోటారుసైకిలు చప్పుడు వినబడింది. అది లాక్లన్ రే. గొర్రెలు కాసుకొనే రైతు. ఈ బాట మీద మోటారుసైకిలు నడుపుతున్నాడని తమ శాఖకు వచ్చిన ఫిర్యాదులన్నీ ఇతని మీదే. తమ గేట్లన్నీ ఇతనొక్కడిని ఆపడానికే. హీథర్‌లోంచి గేటును చుట్టి మా ముందు దిగాడు. చిన్నప్పుడు నా బస్సులోనే బడికి పోయాడు. నలభై దాటినా నన్ను పేరు పెట్టి పిలవడు.

"మిసెస్ గెడ్డిస్, మీరాయన చెయ్యి వదలకండి," అన్నాడు. "నేను మలుపు దాకా పోయి ఫోన్ చేసొస్తా."

చేసి వచ్చాడు. తన కోటు తీసి టార్క్విల్ మీద కప్పాడు. ఆంబులెన్సు త్వరగానే వచ్చిందట. వచ్చి మొదటి గేటు దగ్గర ఆగిపోయింది. వెడల్పు గేటు తాళపుచెవి కోసం బాల్ఫర్ గారికి ఫోను చేశారు. ఆదివారం ఆ ఫోను మోగదు. చివరికి స్ట్రెచరు భుజాన వేసుకొని నడుచుకుంటూ వచ్చారు, నడుచుకుంటూనే మోసుకుపోయారు. ఆ నడకంతా ఆయన గుండె ఎలా ఆగకుండా ఉందో డాక్టరుకే అర్థం కాలేదు.

టార్క్విల్ బతికారు. కానీ నీళ్ళు నింపిన కెటిల్ కంటే బరువైనది ఏదీ ఎత్తరాదని డాక్టరు చెప్పింది. నన్ను ఎత్తినందువల్ల ఆయనకు ఈ గతి పట్టిందని తమరు గ్రహించవలెను. జరిగినదంతా బాల్ఫర్ గారికి ఉత్తరం రాశాను. సానుభూతి తెలియజేస్తూ అచ్చువేసిన కాగితం ఒకటి వచ్చింది. గేట్లు నమూనా ప్రకారమే ఉన్నవని దాని కింద చేత్తో రాశారు. ఆ కాగితం పొయ్యిలో వేశాను. కనుక జతచేయలేకపోతున్నాను.

ఇక తమ నోటీసులోని సంగతి. ఆగస్టులో ఒక ఆదివారం గొర్రెల బండిలో నన్ను, నా సైకిలును మొదటి గేటు దాకా తీసుకుపోయి దింపమని లాక్లన్‌ను అడిగాను. దింపి తన పనికి పోయాడు. నేను సైకిలును ఆ మెలికలోకి ఎంతవరకు పోతే అంతవరకు పోనిచ్చి బ్రేకు వేసుకొన్నాను. ఇటునుంచి వచ్చేవారు ఇటే, అటునుంచి వచ్చేవారు అటే నిలబడిపోయారు. ఎండరోజు కావడం వల్ల చాలామంది చేరారు. దూరదేశాలనుంచి వచ్చి సామాను సంచులతో కొండ చుట్టేవారూ ఉన్నారు. ఒకాయన నన్ను ముసలి మొండిఘటం అన్నాడు. రెండూ నిజమే కనుక ఊరుకొన్నాను. ఇంకొకామె సంగతి ఏమిటని అడిగి, విని, తన సైకిలు గడ్డి మీద పడేసి నా పక్కన కూర్చుంది. అడిగింది ఆవిడ ఒక్కతే.

ఎవరో కబురు చేయగా బాల్ఫర్ గారు వచ్చారు. అవును, ఆదివారమే. నా భర్త కోసం మోగని ఫోను సెలవు మీద వచ్చినవారి కోసం మోగింది.

"ఏమిటమ్మా ఇది? దిగి పక్కకు జరగండి," అన్నారు.

"దిగుతాను. దిగాక నడవడం ఎలాగో మీరే చూపించండి," అన్నాను.

అందరూ చూస్తున్నారు. ఆయన మెడ దాకా ఎర్రబడ్డారు. జేబులోంచి తాళపుచెవి తీసి వెడల్పు గేటు తెరిచారు. నేను వెనక్కి తీసుకొని ఆ గేటులోంచి లోపలికి పోయాను. కొందరు చప్పట్లు కొట్టారు. అంత తేలికైన పనికి నా భర్త గుండె ఎందుకు పణంగా పెట్టవలసి వచ్చిందా అనుకుంటూనే ముందుకు పోయాను. నిజం చెప్పాలంటే ఆ కాసేపు సంతోషించాను కూడా. గాలి చల్లగా ఉంది. తారు పొడిగా ఉంది. చేతులు అలవాటు మరచిపోలేదు.

రెండో గేటు దగ్గర వెడల్పు గేటుకు తాళం అలాగే ఉంది. వెనక్కి తిరిగి మొదటి గేటుకు వచ్చాను. బాల్ఫర్ గారు దానికి మళ్ళీ తాళం వేసి వెళ్ళిపోయారు. జనం కూడా వెళ్ళిపోయారు. ముందు తాళం, వెనక తాళం, మధ్యన నేను. ఆయన ఫోను మళ్ళీ ఆదివారపు నిద్రలోకి జారుకొంది. ఎండ వాలింది. చెరువు మీదినుంచి సన్నదోమలు లేచి ముఖం, మెడ, చెవులు వదలకుండా కుట్టాయి. నేను ఈ లోయలో పుట్టిన మనిషిని. ఆ సాయంత్రం మొదటిసారి ఆ కొండను చూసి అసహ్యం వేసింది. దానికి మాత్రం తమ శాఖను క్షమించను.

నేను ఫోను చేయగా లాక్లన్ వచ్చాడు. తాళాన్ని కాసేపు చూశాడు.

"గొర్రెను దొడ్లో పెట్టినా సాయంత్రం ఒకసారి చూసిపోతాం, మిసెస్ గెడ్డిస్," అన్నాడు.

బండిలోంచి ఇనుము కోసే పెద్ద కత్తెర తెచ్చి తాళం తెంచాడు. నోటీసులో "ప్రభుత్వ ఆస్తికి నష్టము కలిగించిన గుర్తుతెలియని వ్యక్తి" అని ఉన్నది. ఆ వ్యక్తి నేనే. తెంచమన్నది నేను. అతని చేయి నా మాట విన్నది, అంతే. నేరం వేయదలచుకొంటే నా పేరు మీద వేయవలెను. స్పెల్లింగు పైన సరిగా ఉన్నది.

కావున కోరునదేమనగా: నాలుగు గేట్లూ తీసివేయవలెను. తీయుటకు మనసు రాకపోతే, తాళపుచెవులు ఒకటి నాకూ, ఒకటి ఆంబులెన్సువారికీ ఇప్పించవలెను. నా సైకిలును నిషేధించే ఉద్దేశము ఉన్నచో తమరే స్వయంగా వచ్చి ఆ కాగితమును మూడో గేటు దగ్గర, నా భర్త పడిన చోట నిలబడి నా చేతికి ఇవ్వవలెను. పోస్టులో పంపితే తీసుకోను. నేను క్షమాపణ కోరవలెనని నోటీసులో వ్రాసినారు. కోరను.

ఈ అర్జీని చిత్తగించుట తమ ఇష్టము. గేటు తెరచుట మాత్రము తమ విధి.

ఇంతవరకు తమ విధేయురాలిగా ఉండినది,
మార్సలీ గెడ్డిస్

తా.క. ఇది టార్క్విల్‌కు చదివి వినిపించాను. అంతా విని ఒక్కచోట అభ్యంతరం చెప్పారు. "నన్ను ఎత్తినందువల్ల" అని రాసిన మాట కొట్టెయ్యమన్నారు. "నువ్వు బరువని నేనెప్పుడన్నా అన్నానా? గేటు వల్ల అని రాయి," అన్నారు. సిరాతో రాసింది కనుక కొట్టివేయలేదు. ఆ చోట తమరే దిద్దుకొని చదువుకొనవలెను.

వచ్చే ఆదివారం మళ్ళీ మొదటి గేటుకు వస్తున్నాను. ఆయన కూడా వస్తానంటున్నారు. ఏమీ ఎత్తరు. పక్కన మడత కుర్చీ వేసుకొని కూర్చుంటారట.