విప్పను, తుడవను, ఎవరికీ ఇవ్వను

ఫిబ్రవరి 3, సోమవారం

కొనేశాను! బైనాక్యులర్! వన్‌టౌన్‌లో ఓడల పాత సామాను అమ్మే గఫూర్ భాయ్ దగ్గర. మెడకి తగిలించుకోగానే బరువుకి తల వంగింది. సూపర్‌వైజర్ ముందు కూడా వంగని తల!

సంగతి ఇదీ. అశోక్ బావకి మొదటిసారి ఓడలో ఉద్యోగం దొరికింది. ఇంజిన్ రూములో. ఓడ మన పోర్టులోనే సరుకు నింపుకుంటోంది, పదహారున కదులుతుంది. మళ్లీ వచ్చేది నవంబరులోనే. నీలిమక్కకి ఐదో నెల. పోర్టు గేటు లోపలికి ఇంట్లోవాళ్లని రానివ్వరు. "ఓడ ఎల్లేటప్పుడు బావ మొహం నీకు సూపిత్తాను" అని అక్కకి మాటిచ్చేశాను.

గఫూర్ భాయ్ హెచ్చరిక: "ఊదు, మెత్తటి బ్రష్‌తో దులుపు, అంతే. గుడ్డతో రుద్దకు. స్క్రూ జోలికి అస్సలు పోకు. నువ్వు ఫిట్టర్‌వి కదా భాయ్, నీ చేతులంటేనే నాకు డర్."

ప్రతిజ్ఞ: విప్పను. చొక్కాతో తుడవను. ఎవరికీ ఇవ్వను.

ఫిబ్రవరి 5

మేడ మీంచి చూశాను. క్రేన్ కొక్కెం మీద కాకి, దాని ముక్కు, ముక్కులో పురుగు! దులిపి, మూతలు పెట్టి, పాత పట్టుబట్టలో చుట్టి దాచాను. ఈ ఇంట్లో నాకే ఇంత మర్యాద లేదు.

ఫిబ్రవరి 8

మల్కాపురంలో అద్దం పెట్టుకుని బతకడం ఎవడి తరం? పొద్దున కడిగిన మేడ సాయంత్రానికి పోర్టు బొగ్గు ధూళి. బైనాక్యులర్ అద్దం మీద కూడా అదే. ఊదాను, పోలేదు. బ్రష్ కింద ఇంట్లో ఉంది. చొక్కా ఒంటి మీదే ఉంది.

ఒక్కసారే! మెల్లగానే! కొంచెం కరకరమంది.

దీన్ని తుడవడం అనరు. ఒత్తడం అంటారు.

ఫిబ్రవరి 10

ఇంటి ఓనరు సన్యాసమ్మ మేడెక్కి వడియాలు పెడుతోంది. ఈ ధూళిలో వడియాలు పెట్టే గుండె ఆవిడొక్కర్తికే ఉంది.

"ఏటిరా గుణా అది? ఓపాలిలాగియ్యి."

"ఇవ్వను మామ్మా."

"నా మేడెక్కి నాకివ్వవేటి?"

ఇచ్చాను. ఇది ఇవ్వడం కాదు, దౌర్జన్యం. ఓడల్ని చూస్తుందనుకుంటే ఎదురింటి గౌరీశ్వరి వంటింట్లోకి తిప్పింది. "ఒలమ్మా! ఉల్లిపాయలు నేవని నిన్న నా దగ్గర అట్టుకెల్లింది. బుట్టడు ఉన్నాయి సూడు!"

వీధి వీధంతా గొడవ. అది చల్లారి, బైనాక్యులర్ నా చేతికొచ్చేసరికి దూరం సరిచేసుకునే చక్రం నిండా వడియాల పిండి. ఎండి బిగుసుకుపోయింది.

ఫిబ్రవరి 12

విప్పాను. అయితే ఏంటి? డ్యూటీలో నా ఎత్తు గేర్‌బాక్సులు విప్పుతాను, ఇదో లెక్కా? బిగిసిన చక్రానికి మందు గ్రీజు. బేరింగులకి పెట్టేదే, వేలి నిండా తీసి పెట్టాను. ఇప్పుడు గిర్రున తిరుగుతోంది! గఫూర్ భాయ్‌కి ఏం తెలుసు?

ఫిబ్రవరి 14

ఎండలో మేడ మీద మరిచిపోయాను. గ్రీజు కరిగి లోపలి అద్దాల మీదికి పాకింది. సముద్రం గంజి. ఓడ గంజిలో మెతుకు.

తప్పు ఎండది.

గఫూర్ భాయ్ దగ్గరికి పరిగెత్తాను. "అరే, కంటి సామానుకి బండి గ్రీజా? సోమవారం దాకా నా వల్ల కాదు." ఓడ ఆదివారం!

ఇంటికొస్తే అక్క: "బాగా కనబడతాదేట్రా?"

"సూపరు" అన్నాను. వెధవని.

ఫిబ్రవరి 16, ఆదివారం

హార్బరు గట్టు మీద నేనూ అక్కా. ఓడ మెల్లగా బయటికొస్తోంది. అక్క బైనాక్యులర్ కళ్లకి పెట్టుకుంది.

"అడుగో! ఆరెంజి బట్టలోడు! సెయ్యూపతన్నాడ్రా!"

కొంగు పట్టుకుని ఊపింది, ఊపింది, ఓడ మలుపు తిరిగేదాకా ఊపింది. నాకు వట్టి కళ్లకి ఆరెంజి చుక్కలు నాలుగు కనిపించాయి. ఓడలో అందరివీ అవే బట్టలు. బతికిపోయాను!

తర్వాత బావ ఫోన్. అక్కకి దూరంగా వెళ్లి ఎత్తాను.

"ఒరే గుణా, మీ అక్కొచ్చిందేటి? నన్ను పైకి రానీనేదురా. ఓడ కదిలినప్పుడు ఇంజినోలంతా కిందే ఉండాలట. నాకిప్పుడే తెలిసింది."

ఓడ పని కోసం బావ చదివిన ఇన్నాళ్ల కోర్సులో ఈ ముక్క చెప్పిన మొనగాడు ఒక్కడూ లేడు! తిట్టబోయి ఆగాను.

"సూసింది బావా. నువ్వు సెయ్యూపినావు."

ఇంజిన్ మోతలో బావ గొంతు పెంచాడు.

"...బాగా ఊపినానేటి?"

"భుజం ఊడిపోద్దేమో అన్నట్టు."

ఫిబ్రవరి 17

అక్క చిక్కుళ్లు ఒలుస్తూ, తల ఎత్తకుండా: "నిన్న ఊపినోడు మీ బావ కాడ్రా."

నేనూ ఓ చిక్కుడుకాయ తీసుకుని ఒలవడం మొదలెట్టాను.

"మీ బావది పుర్ర సెయ్యి. నిన్నటోడు కుడిసెయ్యి ఊపినాడు. ఎంత మసగ్గా ఉన్నా ఆ మాత్రం తెల్దేటి?"

"మరి నువ్వెందుకూపినావే?"

"ఆడి కోసం ఎవలూ రానేదేమో పాపం. అంతలాగ ఊపతంటే సూత్తా ఊరుకుంటామేటి?"

ఫిబ్రవరి 18

గఫూర్ భాయ్ అద్దాలు శుభ్రం చేసిచ్చాడు, తిట్లు ఉచితం. నవంబరులో బావ వచ్చేసరికి చూసేందుకు అక్క ఒళ్లో ఇంకొకరు కూడా ఉంటారు. అందుకే, ఈ క్షణం నుంచే, మళ్లీ: విప్పను. తుడవను. ఎవరికీ ఇవ్వను.

అక్క అడిగింది. ఇచ్చాను. అక్కకి ఇస్తే ఇచ్చినట్టు కాదు. ప్రస్తుతం మేడ మీద నిలబడి, వెళ్లే ప్రతి ఓడకీ చెయ్యి ఊపుతోంది. కొందరు తిరిగి ఊపుతున్నారట.